నాలుగో గొంతు

సంతాప సభలో నన్ను రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. యాభై ఏండ్ల స్నేహాన్ని రెండు నిమిషాల్లో చెప్పే తెలివి నాకు లేదు. మైకు ముందు నిలబడి "మావాడు చాలా మంచివాడు" అని ఒక్క ముక్క చెప్పి, దండ వేసిన ఫొటో వైపు చూశాను. వచ్చి కూర్చున్నాను. కరెంటు డిపార్టుమెంటులో కొత్తగా చేరిన పిల్లలు వెనక కుర్చీల్లో కూర్చుని సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. వాళ్ళ తప్పేం లేదు. మంచివాడు అన్న మాట ప్రతి సంతాప సభలోనూ వినిపించేదే. పోయినవాళ్ళలో చెడ్డవాడు ఇంతవరకు ఒక్కడు కూడా లేడు.

అందుకే పిల్లలూ, అక్కడ చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నా గొప్పలేమీ లేవు, భయపడకండి. నేను చేసిన ఒక సిగ్గుమాలిన పని ఉంది, దాన్ని మావాడు ఆపిన తీరు ఉంది.

మేమిద్దరం బాన్సువాడ సర్కారు బడిలో ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. వాడికి లెక్కలు వచ్చు, నాకు రావు. నాకు చెట్లెక్కడం వచ్చు, వాడికి రెండో కొమ్మ మీదే కళ్ళు తిరిగేవి. పరీక్షల్లో వాడు నాకు జవాబులు చూపించేవాడు, సీతాఫలాల కాలంలో నేను వాడి లెక్క తీర్చేసేవాణ్ణి. తర్వాత నిజామాబాదులో ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడు. ఒకే గది, ఒకే కిరోసిన్ స్టవ్వు. ఇద్దరికీ కొద్ది నెలల తేడాతో కరెంటు డిపార్టుమెంటులోనే ఉద్యోగాలు వచ్చాయి. నేను లైన్‌మన్, వాడు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. ఎత్తు చూస్తే వణికేవాడికి కుర్చీ, లెక్కలు రానివాడికి స్తంభం ఇచ్చారు. డిపార్టుమెంటు తెలియకుండా చేసిన మంచి పనుల్లో ఇదొకటి.

మీకు తెలిసిందే అయినా, బయటివాళ్ళు కూడా చదువుతారు కాబట్టి ఒక్క విషయం చెప్పాలి. లైను మీద పని చేయాలంటే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్సీ తీసుకోవాలి. అంటే ఆపరేటర్ ఆ లైనుకు కరెంటు ఆపేసి, ఆపాను, ఇక ఎక్కండి అని మాట ఇవ్వడం. పని అయ్యాక మనవాళ్ళంతా దిగారని చూసుకుని, మనం ఎల్సీ వాపసు ఇస్తాం. అప్పుడు ఆపరేటర్ మళ్ళీ కరెంటు వదులుతాడు. అంతే. ఎల్సీ వాపసు ఇచ్చాడంటే లైన్‌మన్ పూచీ పడ్డట్టే, ఆపరేటర్ ఇంకేమీ అడగనక్కర్లేదు. అందరూ అలాగే చేసేవారు.

మావాడు మాత్రం అడిగేవాడు. ఏదో బడిలో పాతబడి తీసేసిన నల్లబోర్డు ముక్క ఒకటి తెచ్చి, తన కుర్చీ ఎదురుగా గోడకు మేకులు కొట్టి బిగించాడు. ఎల్సీ ఇచ్చేటప్పుడు లైను మీదకు ఎవరెవరు వెళ్తున్నారో అడిగి, ఆ పేర్లు సుద్దముక్కతో దాని మీద రాసేవాడు. వాపసు ఇచ్చేటప్పుడు ఆ పేర్ల వాళ్ళంతా ఒక్కొక్కరే ఫోన్లో మాట్లాడాలి. గొంతు వినగానే ఆ పేరును బొటనవేలితో తుడిచేసేవాడు. బోర్డు ఖాళీ అయితేనే కరెంటు. ఆ వేలు ఎప్పుడూ తెల్లగా ఉండేది. అన్నం తినేటప్పుడు కడుక్కుంటాడో లేదో అని వాళ్ళావిడ సణిగేది.

మేం వాడికి 'హాజరు పంతులు' అని పేరు పెట్టాం. ఫోన్ చేతికి ఇవ్వగానే కొందరు "ప్రెజెంట్ సార్" అని అరిచేవాళ్ళు. వాడు నవ్వేవాడు కాదు, కోప్పడేవాడూ కాదు. ఒకసారి చాయ తాగుతూ, ఇదంతా ఎందుకురా అని అడిగాను.

"నువ్వు ఆడ ఉంటవ్, నీకు మనుషులు కనబడ్తరు," అన్నాడు. "నేను గీ అర్రల కూసుంట. నాకు మీటర్లు తప్ప ఏం కనబడది. కనబడకపోతె ఇనబడన్న ఇనబడాలె కదరా."

సరే, నీ ఇష్టం అనుకున్నాను. నిజానికి నాకు చికాకుగానే ఉండేది. ఎందుకంటే నాకూ నా పద్ధతి ఒకటి ఉంది, అది చాలా గొప్పదని నా నమ్మకం. మా వైపు స్తంభాలన్నీ పొలాల్లోనే ఉంటాయి. మడి బురదలోకి చెప్పులతో ఎవరూ దిగరు, గట్టు మీద విడిచి దిగుతారు. పని అయ్యాక నేను గట్టు మీద చెప్పులు చూసేవాణ్ణి. ఒక జత మిగిలి ఉంటే ఒక మనిషి ఇంకా లోపలున్నట్టు. గట్టు ఖాళీ అయితే అందరూ వచ్చేసినట్టు. లెక్కలు రానివాడికి ఇంతకంటే సులువైన లెక్క ఏముంటుంది! చాలా ఏండ్లు ఆ లెక్క తప్పలేదు.

ఇది జరిగి ఇరవై ఏండ్లవుతుంది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. మా గుంపు మొత్తానికి నా దగ్గర ఒక్కటే ఉండేది. యాసంగి వరి పొట్ట మీద ఉంది. పెద్ద గాలివాన వచ్చి, రుద్రూర్ వైపు పోయే మా లైన్లో స్తంభాలు ఒరిగి, తీగలు తెగిపడ్డాయి. కాలువ నీళ్ళు అందని చివరి భూములు అవి, బోర్లే దిక్కు. వాన నీళ్ళు బురద చేసి పోయాయి గానీ పైరుకు చాలేవి కావు. పైన ఎండలు మండిపోతున్నాయి. మూడు రోజులుగా కరెంటు లేదు. ఇంకొక్క రోజు పోతే గింజ తాలుపోతుందని రైతులు లబలబలాడుతున్నారు.

ఆ నాలుగో రోజు శుక్రవారం. పొద్దున్నే మేం నలుగురం పనిలోకి దిగాం. నేను, మా అసిస్టెంటు, ఇద్దరు రోజుకూలీలు. కూలీల్లో ఒకాయన్ని అందరం చాచా అనేవాళ్ళం. మాకంటే నాలుగైదేండ్లు పెద్ద. స్తంభం మీద ఆయన కట్టు కడితే మళ్ళీ చూడనక్కర్లేదు. రెండోవాడు మా బక్కోడు. ముగ్గురు పిల్లల తండ్రి అయినా పీలగా ఉండేవాడు కాబట్టి ఆ పేరు. వాడికి ఒక విద్య ఉంది: ఎవరి గొంతైనా దించేస్తాడు. మా సారు గొంతు, బస్టాండులో అరిచే కండక్టరు గొంతు, చాచా దక్కనీ మాట. మధ్యాహ్నం సద్ది విప్పినప్పుడు మాకు అదే సినిమా.

మధ్యాహ్నానికి పని చివరికి వచ్చింది. మామిడితోట అవతల, లైను మలుపు తిరిగే చోట ఒక్క స్తంభం మిగిలింది. ఆ స్తంభం నేనున్న రోడ్డు వైపు నుంచి కనబడదు. నేను రోడ్డు పక్కన తీగలకు ఎర్త్ రాడ్లు తగిలించిన చోట ఉన్నాను. పొరపాటున కరెంటు వచ్చినా మనిషిని వదిలి భూమిలోకి పోయేలా అవి కాపాడతాయి. మసీదు మైకులోంచి జుమ్మా అజాన్ వినిపించింది. కాసేపటికి తోట ఇవతల గట్టు దాకా వెళ్ళి చూశాను. గట్టు మీద ఒక్క చెప్పు కూడా లేదు. అసిస్టెంటు, బక్కోడు రోడ్డు మీద రైతులతో మాట్లాడుతూ నిలబడ్డారు. చాచా నమాజుకు పోయుంటాడు అనుకున్నాను. తోట దాటి పది అడుగులు వేస్తే స్తంభం కనిపించేది. వేయలేదు. వెనక్కి వచ్చి ఎర్త్ రాడ్లు నా చేతులతోనే తీసేశాను.

మావాడికి ఫోన్ చేశాను.

"ఎల్సీ వాపస్ తీస్కో."

"అందరు దిగిండ్రా?"

"దిగిండ్రు."

"ఇయ్యి, ఒక్కొక్కలకు."

అసిస్టెంటు మాట్లాడాడు. బక్కోడు మాట్లాడాడు. "చాచాకు ఇయ్యి," అన్నాడు మావాడు.

"చాచా నమాజుకు పోయిండురా."

"వచ్చినంక ఫోన్ జెయ్యి."

"జుమ్మా చదివి వచ్చేటాల్లకు గంటైతది! ఈడ రైతులు నన్ను నమిలి మింగుతుండ్రు."

"ఈడ నన్ను గూడ మింగుతుండ్రు. గంటనే కద, ఆగుదాం," అని పెట్టేశాడు.

రైతులు నా చుట్టూ మూగారు. లైను అయిపోయిందని వాళ్ళకు కళ్ళ ముందు కనిపిస్తోంది, కరెంటు మాత్రం రాదు. ఒకాయన నా చేయి పట్టుకుని, కావాలంటే కాళ్ళు మొక్కుతానన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు, కోపం రెండూ వచ్చాయి. ఏడుపు రైతును చూసి, కోపం మావాడి మీద. అప్పుడు నేను చేసిన పని ఇది. బక్కోణ్ణి పక్కకు పిలిచి, చాచా గొంతుతో మాట్లాడమన్నాను.

వాడు మొదట నవ్వులాట అనుకున్నాడు. నేను నవ్వకపోయేసరికి ఫోన్ తీసుకున్నాడు.

"సలాం సాబ్. మై ఉతర్ గయా సాబ్. చాలూ కర్ దేవ్," అన్నాడు, దిగిపోయాను, కరెంటు వదలండి అని. అచ్చం చాచానే. పక్కన నిలబడ్డ నాకే వెన్నులో జలదరించింది.

అవతలి నుంచి, ఫోన్ నాకిమ్మని మావాడి గొంతు.

"చెప్పురా," అన్నాను.

"చాచా ఎప్పుడన్న నన్ను సాబ్ అన్నడారా? నన్ను బేటా అంటడు. ఎవరు వాడు?"

తప్పు దొరికిపోతే మనిషి సిగ్గుపడాలి. నేను అరిచాను. "ఏందిరా నీ హాజరు? నా మీద నమ్మకం లేదా నీకు?"

"నీ మీద ఉన్నది. నీ లెక్క మీద లేదు. ఆరో తరగతి సంది చూస్తున్న. పోయి చాచాను చూసి రా. నేను ఫోన్ పెట్టను."

నేను ఇంకేదో తిట్టబోయాను. అప్పుడు బక్కోడు నా భుజం పట్టుకున్నాడు. వాడు నన్ను చూడడం లేదు, తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు.

"అన్నా," అన్నాడు. "ఇవి చాచా చెప్పులు. నా చెప్పు వారు తెగితె పొద్దుగాల ఆయననే ఇచ్చిండు. రోడ్డు దాక ముండ్లున్నయి, తొడుక్కొని పో, బురదల నాకెందుకు అన్నడు. చెప్పులు నా కాళ్ళకు ఉంటె ఆయన మసీదుకు ఎట్ల పోతడు?"

ఫోన్ చేతిలోనే పట్టుకుని పరుగెత్తాను. ఆ తోట అంత పొడుగుందని నాకు అంతకు ముందు తెలియదు. అవతలి మడిలో మోకాళ్ళ దాకా దిగబడి తల ఎత్తితే, చాచా స్తంభం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి తీగ మీద ఉంది. కుడి చేత్తో కటింగ్ ప్లేయరు పట్టుకుని ఆఖరి కట్టు బిగిస్తున్నాడు. సన్నగా ఏదో పాట పాడుకుంటున్నాడు.

"క్యా హువా బేటా, ఉరుకొచ్చినవ్?" అన్నాడు పై నుంచి. "ఒక్క కట్టు ఉన్నది, ఆగు. పని నడుమ ఇడిసిపెట్టి ఎట్ల రావాలె? నమాజ్ ఇంటికి పోయి చదువుకుంట."

నేను ఆ బురదలోనే కూలబడ్డాను. అది చూసి చాచా నవ్వాడు, జారి పడ్డాననుకున్నాడు. నేనేమీ చెప్పలేదు. ఆయన నిదానంగా కట్టు ముగించి, దిగి, చేతులు తుడుచుకుని ఫోన్ తీసుకున్నాడు. "హౌ బేటా, దిగిన. నువ్వు తిన్నవా లేదా?" అన్నాడు. మావాడు ఏం జవాబు చెప్పాడో నాకు వినపడలేదు. మేం నలుగురం రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాక కరెంటు వదిలాడు. దూరంగా ఒక బోరు పోయడం, జనం కేకలు పెట్టడం విన్నాను.

ఆ సమయంలో సబ్‌స్టేషన్‌లో జరిగింది నాకు తర్వాత అక్కడి వాచ్‌మన్ చెప్పాడు. యాభై అరవై మంది రైతులు గేటు తోసుకుని లోపలికి వచ్చారట. ఎవరో మావాడి గల్లా పట్టుకుంటే చొక్కా గుండీలు ఊడిపోయాయట. మా సెక్షన్ సారు పక్కనే నిలబడి ఉన్నాడు. అప్పటికి బోర్డు మీద మూడు పేర్లు తుడిచేసి ఉన్నాయి, నాలుగోది చాచా పేరు. "లైన్‌మన్ ఎల్సీ వాపసు ఇచ్చాడు కదా, ఇంకేంటయ్యా" అని సారు అరిచి, తనే చేతిరుమాలుతో ఆ పేరు తుడిచేసి, "బోర్డు ఖాళీ అయింది, ఇక ఇవ్వు" అన్నాడట.

మావాడు కుర్చీలోంచి లేచి, సుద్దముక్క తీసుకుని, ఆ పేరును మళ్ళీ రాసి కూర్చున్నాడట. "చెయ్యి వణుకుతుండె సార్‌ది," అన్నాడు వాచ్‌మన్, మావాణ్ణి తలచుకుని. "గని అక్షరాలు మాత్రం మంచిగ గుండ్రంగ రాసిండు."

నా జీవితంలో చాలామంది ధైర్యవంతుల గురించి విన్నాను. గుండీలు ఊడిన చొక్కాతో నిలబడి, వణికే చేత్తో ఒక రోజుకూలీ పేరును రెండోసారి రాసినవాడు మాత్రం నా బెంచీవాడు. ఇది తలచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఛాతీ పొంగుతుంది. నేను దాచుకోను.

ఇప్పుడు రెండో సిగ్గుమాలిన పని. కరెంటు ఆలస్యం చేశాడని, పై అధికారి మాట వినలేదని మావాడికి మెమో వచ్చింది. సెక్షన్ సారు నన్ను పిలిచి, "నువ్వు ఎల్సీ వాపసు ఇచ్చింది నిజమే కదా? ఆ ఒక్క ముక్క రాసివ్వు, చాలు" అన్నాడు. నాకు లైన్ ఇన్‌స్పెక్టర్‌గా ప్రమోషన్ దగ్గర్లో ఉంది. ఫలానా టైముకు నేను ఎల్సీ వాపసు ఇచ్చాను అని రాసి సంతకం పెట్టాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇంతకంటే పెద్ద అబద్ధం నేను ఇంకెప్పుడూ చెప్పలేదు.

విచారణకు ఇంకా పది రోజులున్నాయి. ఆ పది రోజులూ మావాడు ఎప్పటిలాగే సాయంత్రం మా ఇంటికి వచ్చేవాడు. చాయ తాగేవాడు, మా పెద్దదానికి లెక్కలు చెప్పేవాడు. నేను ఏం రాసిచ్చానో వాడికి తెలుసు, ఆఫీసులో అలాంటివి దాగవు. ఒక్క మాట అనలేదు. తన జవాబులో బక్కోడి సంగతి గానీ, నేను అబద్ధం ఆడించిన సంగతి గానీ రాయలేదని నాకూ తెలుసు. నాలుగో మనిషి గొంతు వినపడలేదు, అందుకే ఆగాను అని మాత్రం రాశాడు.

విచారణకు జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు వచ్చాడు. మా ఇద్దర్నీ పక్కపక్కనే నిలబెట్టాడు.

"వాపసు ఇచ్చాక కూడా అందరి గొంతులూ వినాలని ఏ రూలులో ఉంది?" అని మావాణ్ణి అడిగాడు.

"ఏ రూల్ల లేదు సార్."

"మరి?"

"నాకు ఆడ ఏం కనబడది సార్," అన్నాడు మావాడు. నా వైపు చూడను కూడా చూడలేదు.

వాడు చూసి ఉంటే నేను తల దించుకుని ఊరుకునేవాణ్ణేమో. చూడలేదు కాబట్టే నోరు తెరిచాను. "సార్, నేను వాపస్ ఇచ్చినప్పుడు మనిషి స్తంభం మీదనే ఉన్నడు. ఎర్త్ రాడ్లు నేనే తీసిన. నాలుగో గొంతు నేనే వేరేటోనితోని మాట్లాడిచ్చిన. వీడు ఆగకపోతే నేను ఇయ్యాల జైల్ల ఉందును, చాచా బొందల ఉండు," అన్నాను. చెబుతూ చెబుతూ పసివాడిలా ఏడ్చాను. పెద్దసారు తన చాయ కప్పు నా వైపు జరిపాడు.

బయటికి రాగానే మావాడు నా వీపు మీద గుద్దాడు. "ఎవడడిగిండ్రా నిన్ను? ప్రమోషన్ పోగొట్టుకుంటివి కదరా పిచ్చోడా!" అన్నాడు. వాడి కళ్ళలోనూ నీళ్ళే.

ఫలితం వినండి. తప్పు చేసినందుకు నన్ను మహారాష్ట్ర సరిహద్దులోని మద్నూర్‌కు బదిలీ చేశారు. తప్పు చేయనివాణ్ణి ఏం చేయాలో వాళ్ళకు తోచలేదు, మాట వినలేదన్న మెమో ఎలాగూ ఉంది కాబట్టి వాణ్ణీ మద్నూర్‌కే బదిలీ చేశారు. ఆ ఆర్డర్లు చదువుకుని బస్టాండులో ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం.

మద్నూర్లో ఏడాదిన్నర ఉన్నాం. హైవే పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నాం. లారీలు పోతుంటే గిన్నెలు వాటంతటవే కదిలేవి. ఇంటి ఓనరు మరాఠీ అవ్వ. "జేవ్‌లాస్ కా?" అని తలుపు దగ్గరికి వచ్చి అడిగేది, అంటే తిన్నారా అని. తినకపోతే జొన్నరొట్టెలు తెచ్చి పెట్టేది. మావాడు వంట, నేను గిన్నెలు. ఆదివారాలు ఇంటికి పోయి, సోమవారం పొద్దున బస్సులో వచ్చేవాళ్ళం. పెండ్లిండ్లై, పిల్లలు పుట్టాక మళ్ళీ ఐటీఐ రోజులు ఎవరికి దొరుకుతాయి చెప్పండి! శిక్ష వేసినవాళ్ళకు ఈ సంగతి తెలిస్తే రద్దు చేసేవాళ్ళు.

ఒక్క విషయంలో మాత్రం వాడు నన్ను వదిలిపెట్టలేదు. "చాచాకు చెప్పినవా?" అని అడిగేవాడు. గది తలుపులు మూసి జరిపిన విచారణలో చెప్పాను గానీ, ఎవరి ప్రాణం మీదకు తెచ్చానో ఆయనకు చెప్పలేదు. రంజాన్‌కు చాచా బస్సెక్కి మద్నూర్ దాకా వచ్చి మాకు షీర్‌ఖుర్మా ఇచ్చి వెళ్ళాడు. ఆ గిన్నె పట్టుకుని నేను అదీ ఇదీ మాట్లాడాను, అది మాత్రం చెప్పలేకపోయాను. మావాడు మూలన కూర్చుని నన్ను మింగేసేటట్టు చూశాడు. తర్వాత ఇరవై ఏండ్లలో కనీసం వంద సార్లు అడిగి ఉంటాడు. చెప్తా చెప్తా అనేవాణ్ణి.

బాన్సువాడకు తిరిగి వచ్చాం. నాకు ప్రమోషన్ ఆలస్యంగా వచ్చింది. వాడు అదే సబ్‌స్టేషన్‌లో, అదే కుర్చీలో, ఆరేండ్ల కింద రిటైర్ అయ్యాడు. వాడి డ్యూటీలో ఇచ్చిన ఎల్సీల మీద పని చేసిన మనిషికి చిన్న షాకు కూడా తగల్లేదు. ఏ రిజిస్టర్లోనూ ఇది రాసి ఉండదు. జరగని ప్రమాదాన్ని ఎవరు రాస్తారు? అందుకే నేను రాస్తున్నాను.

పోయిన నెల, పొద్దున చాయ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయాడు. దవాఖానకు తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. వాళ్ళావిడ నాకే మొదట ఫోన్ చేసింది. "మీ దోస్త్ మాట్లాడ్తలేడు అన్నా," అంది. ఆ మాట ఇప్పటికీ చెవిలోంచి పోవడం లేదు.

దినాల నాడు చాచా వచ్చాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. షామియానా కింద ఒక పక్కన ఒక్కడే కూర్చున్నాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. మావాడు ఇక అడగడు. అడిగేవాడు లేకపోతే నేను ఎప్పటికీ చెప్పనని నాకు భయం వేసింది. అందుకని అప్పుడే, అక్కడే, తల వంచుకుని మొత్తం చెప్పేశాను. గట్టు మీద చెప్పులు చూడడం, ఎర్త్ రాడ్లు తీసేయడం, బక్కోడితో ఆయన గొంతు పలికించడం, ఏదీ దాచలేదు. చివర్లో మాఫ్ చేయమన్నాను.

చాచా నా మోచేతి మీద చెయ్యి వేశాడు.

"నాకు ఎరికనే బేటా. బక్కోడు గదే రోజు పొద్దుగూకినంక చెప్పులు ఇయ్యనీకి ఇంటికొచ్చిండు. ఏడ్సుకుంట అంత చెప్పిండు."

తల ఎత్తి అడిగాను. "మరి తెల్సి గూడ ఇన్నేండ్లు నా ఎంట పనికి ఎట్ల వచ్చినవ్ చాచా? నేను ఎక్కుమంటె ఎట్ల ఎక్కినవ్?"

"నువ్వు ఎక్కుమంటె ఎక్కిననా?" అన్నాడు చాచా నవ్వుతూ. "మీరిద్దరు మద్నూర్ పోయినప్పుడు నేను ఏం చేసిన, యాదికున్నదా? కూరగాయల బండి నడిపిన. ఒక్క పోలు ఎక్కలే. వాడు వాపస్ వచ్చి కుర్చీల కూసున్నంకనే మల్ల ఎక్కిన. పోలెక్కే ముందు ఇయ్యాల డ్యూటీల ఎవరున్నరని నిన్ను అడుగుతుంటి కద, వాడు లేని రోజు కడుపునొస్తుందని ఇంటికి పోతుంటి కద. వాడు రిటైర్ అయిన నెలనే పని బంజేసిన."

"మోకాళ్ళ నొప్పులని బంజేసినవ్ అనుకున్న చాచా!"

చాచా లేచి, దండ వేసిన ఫొటో దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి, తిరిగి వచ్చాడు. బస్టాండు దాకా ఆటోలో దింపుతానన్నాను. వద్దన్నాడు.

"మోకాళ్ళకేమైంది బేటా, మంచిగనే ఉన్నయి," అని చెప్పి నడిచి వెళ్ళిపోయాడు.